తేలేవి–మునిగేవి: అంగన్‌వాడీ టీచర్‌కు సాంద్రత పాఠం చెప్పాలా, వద్దా?

బొమ్మలబుట్ట: 2024లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ‘ఆధారశిల’ పాఠ్యప్రణాళిక 3–6 ఏళ్ల పిల్లలకు ఆటలతోనే నేర్పమంటోంది. మరి నీళ్ల తొట్టిలో వస్తువులు వేయించే ఆట కోసం టీచర్లకు సాంద్రత (ఉన్న సైజుకు ఎంత బరువు అన్నది) కూడా నేర్పాలా? వద్దంటాను. కారణం తెలిసిన టీచర్, పిల్ల నీళ్లలో చెయ్యి పెట్టకముందే అది చెప్పేస్తారు. ‘ఇది వేస్తే ఏమవుతుంది?’ అని అడిగి ఊరుకోవడమే అసలు కష్టం. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక్క సెకనే ఆగుతారనీ, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరుగుతాయనీ అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో పరిశోధనలో తేలింది. శిక్షణలో సాధన చేయించాల్సింది ఆ మూడు సెకన్లనే.

గురువింద: ఆగడం గురించి మీరన్నది నిజమే. మిగతాది ఒప్పుకోనండి. కారణం తెలియని టీచర్ మౌనంగా ఉండరు, తప్పు కారణం చెప్తారు: ‘బరువైనవి మునుగుతాయి’ అని. కిలో సొరకాయ తేలి, గోళీ మునిగితే అప్పుడేం చెప్తారు? ఇంకోటి, ఆట బెడిసినప్పుడు సర్దుకోవాలన్నా కారణం తెలియాలి. అల్యూమినియం రేకును జానెడు చదరంగా కత్తిరించి పడవ చేస్తే తేలుతుంది. అదే రేకును ఉండ చేస్తే మునగాలి, కానీ చేత్తో నలిపిన ఉండ తేలుతూనే ఉంటుంది, మడతల్లో గాలి ఉంటుంది కాబట్టి. మడిచి, రాయితో గట్టిగా కొట్టి పలచన చేస్తేనే మునుగుతుంది. కమలాపండూ అంతే: తొక్కతో తేలుతుంది, ఒలిస్తే మునుగుతుంది. కాయ లోపల బోలుగా ఉంటే మాత్రం ఒలిచినా తేలుతుంది. ముందురోజే చేసి చూసుకోవాలి.

చెరువుగట్టు: ఇద్దరూ తొట్టి సంగతి వదిలేశారు. నీళ్లు నాలుగు వేళ్ల లోతే ఉంటే గుమ్మడికాయ అడుగుకు ఆనుకుని నిలబడుతుంది, పిల్లలు ‘మునిగింది’ అంటారు. వాళ్లు చూసింది అదే కాబట్టి తప్పు వాళ్లది కాదు. చిన్న సొరకాయ, జానెడు లోతు నీళ్లు, తొట్టి చుట్టూ నలుగురైదుగురే. అంత నీటిలో పసిపిల్ల మునిగిపోగలదు, కాబట్టి టీచర్ పక్కకు కదలకూడదు, ఆట అయిన వెంటనే పారబోయాలి. మూడేళ్లలోపు పిల్లలుంటే నోట్లో పట్టే వస్తువేదీ వద్దు. గోళీ, చింతగింజ గొంతుకు అడ్డం పడతాయి. గోళీ బదులు గుప్పెడంత గులకరాయి చాలు.

బొమ్మలబుట్ట: రేకు ఉండ సంగతికి నా దగ్గర జవాబు లేదు, గురువింద గారూ. టీచర్‌కు కారణం తెలియాలి, సరే. కానీ సూత్రంగా వద్దు. ఒకే సీసాను ఖాళీగా, సగం ఇసుకతో, నిండా ఇసుకతో మూత బిగించి మూడుసార్లు టీచర్ల చేతే నీళ్లలో వేయించండి. సీసా సైజు మారలేదు, బరువే మారింది. ‘సాంద్రత’ అన్న మాట ఆ తర్వాత రావాలి, అదీ టీచర్ల గదిలోనే.

గురువింద: అలాగైతే సగం ఇసుక సీసా కొన్నిసార్లు తేలుతుంది, కొన్నిసార్లు మునుగుతుంది. తడి ఇసుక పొడిదానికన్నా బరువు. పొడి ఇసుకనే వాడమని శిక్షణ కాగితంలో రాయాలి.