ఊళ్ళో ఉండి చేసే ఇంటర్న్‌షిప్: సర్వే ఫారాల దగ్గరే ఆగిపోకుండా ఎలా నడపాలి?

అరండల్‌పేట_లెక్చరర్:
నమస్కారమండీ. గుంటూరులో డిగ్రీ మొదటి ఏడాది పూర్తయిన 24 మంది పిల్లల్ని ఈ వేసవిలో కొల్లిపర, దుగ్గిరాల వైపు ఊళ్ళలో ఉంచాలనుకుంటున్నాం. ఉన్నత విద్యామండలి పెట్టిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు 180 గంటలు కావాలి. గంటలు ఎలాగోలా నిండుతాయి, నా బెంగ అది కాదు. ఒక పనిని భుజాన వేసుకుని, నలుగురినీ కలుపుకుని చివరిదాకా నడిపే అలవాటు పిల్లలకు రావాలి. ఎన్ని రోజులు, జట్టుకు ఎంతమంది, ఎలాంటి పని, ఎక్కడ బెడిసికొడుతుంది? తెలిసినవాళ్ళు లెక్కలతో సహా రాయండి.

తెనాలి_ఫీల్డ్:
మాస్టారూ, ముందు ఎండ సంగతి తేల్చుకోండి. మే నెలలో మన వైపు పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా వీధిలో మనిషి కనపడడు. పని జరిగేది ఉదయం 6 నుంచి 9.30, మళ్ళీ సాయంత్రం 5 నుంచి 7.30. మొత్తం 6 గంటలు, 30 రోజులకు 180. గుంటూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే జట్టుకు ఈ రెండు వేళలూ దొరకవు. పదిన్నరకు దిగుతారు, ఇంటి దగ్గరున్న ముసలివాళ్ళను అడిగి ఫారం నింపుతారు, మూడింటికి బస్సెక్కుతారు. కూలికి పోయే ఆడవాళ్ళు, పాలేళ్ళు ఆ ఫారాల్లో ఎక్కడా ఉండరు. ఊళ్ళో ఉండటం అనుభవం కోసం మాత్రమే కాదు, లెక్క నిజం కావాలంటే ఉండక తప్పదు.

24 మందిని ఆరేసి మందిగా నాలుగు ఊళ్ళకు పంచండి. ఊళ్ళు ఒకదానికొకటి పది కిలోమీటర్లలోపు ఉంటే ఒక మాస్టారు బండి మీద రోజుకు రెండు ఊళ్ళు చూసి రాగలరు. మీ కాలేజీ ఉన్నత్ భారత్ అభియాన్‌లో (కాలేజీలు ఊళ్ళను దత్తత తీసుకునే కేంద్ర పథకం) ఉంటే ఇప్పటికే దత్తత తీసుకున్న ఐదు ఊళ్ళుంటాయి, కొత్తవి వెతక్కుండా వాటిలోంచే తీసుకోండి. వచ్చే ఏడాది జట్టు మళ్ళీ అక్కడికే వెళ్ళాలి.

బసకు వేసవిలో బడి గదులు ఖాళీగా ఉంటాయి. ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గర, హెడ్మాస్టరు దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. గడియలు, మరుగుదొడ్డిలో నీళ్ళు, ఫ్యాన్లు, రాత్రి లైటు మీరే వెళ్ళి చూసుకోవాలి. ఆడపిల్లలకు డ్వాక్రా సంఘం లీడరు ఇల్లో, అంగన్‌వాడీ టీచరు ఇల్లో మేలు. భోజనం డ్వాక్రా సంఘంతో మాట్లాడుకుని వారం డబ్బు ముందే ఇచ్చేయండి. సర్పంచి గారు ప్రేమతో పిలిచినా నెలంతా వాళ్ళింట్లో తినొద్దు. ఎవరింట్లో అన్నం తిన్నారో ఆ పార్టీ మనుషులైపోతారు, రెండో వర్గం వీధిలో తలుపులు మూసుకుపోతాయి.

లంకమట్టి:
మొదటి మూడు రోజులు చేతిలో ఫారం ఉండకూడదు. ఊరు తిరగడం, ఊరివాళ్ళ చేత పటం గీయించడం, అంతే.

పటం ఎలాగో వివరంగా రాస్తాను. సాయంత్రం 5 తర్వాత బాగా ఊడ్చిన నేల ఒక గది అంత చాలు. రెండు కిలోల ముగ్గుపిండి, ఇటుక ముక్కలు, వేపాకు, చింతపిక్కలు. ముగ్గు గిన్నె ఊరివాళ్ళ చేతిలో పెట్టండి. మనవాడు ముందుగా రోడ్లు గీసి చూపించాడా, ఇక వాళ్ళు దాన్ని సరిదిద్దడమే తప్ప తమ ఊరిని గీయరు. ముందు గుడో, చెరువో, మర్రిచెట్టో, వాళ్ళకు ఏది మొదట తడితే అది. తర్వాత వీధులు, కుళాయిలు, బోర్లు, మురుగుకాల్వ, రేషను దుకాణం, అంగన్‌వాడీ. ఇటుక ముక్క ట్యాంకు, వేపాకు బోరు. ఇంటికి ఎంతమంది ఉంటే అన్ని చింతపిక్కలు. అయ్యాక బడి డాబా ఎక్కి పైనుంచి ఫోటో తీసి, ఆ రాత్రే చార్టు మీదికి ఎక్కించాలి. తెల్లారేసరికి గాలికీ మేకలకూ ఏమీ మిగలదు.

చాలా జట్లు తప్పేది ఇక్కడే. రచ్చబండ దగ్గర ఒక్క పటం గీయించి పని అయిపోయిందనుకుంటారు. రచ్చబండ దగ్గరికి వచ్చేది ఎవరు? ఎస్సీ కాలనీలో ఆడవాళ్ళతో రెండో పటం, ఊరి చివర వలస కూలీలుండే చోట మూడోది వేయించండి. మూడూ పక్కపక్కన పెట్టండి. మొదటి పటంలో కాలనీ అంతా ఒక చిన్న గీత అయి ఉంటుంది. రెండోదాంట్లో ఏ కుళాయికి నీళ్ళు రావో, ఏ స్తంభానికి లైటు లేదో, ఏ దారిలో చీకటిపడితే నడవలేరో అన్నీ ఉంటాయి. ఆ తేడా మీద పిల్లలు ఒక రాత్రంతా మాట్లాడుకోవాలి. నాయకత్వం గురించి ఎన్ని క్లాసులు చెప్పినా ఆ మూడు చార్టులకు సాటి రావు.

కోడ్_బాబు:
ఇంజనీరింగ్ మూడో ఏడాదండి. ఇలాంటి ప్రోగ్రాంలో ఊరి సమస్యలకు ఒక యాప్ చేసి ఇస్తే ఉపయోగపడుతుందా? సర్వేకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

తెనాలి_ఫీల్డ్:
తమ్ముడూ, సర్వేకి కోబో టూల్‌బాక్స్ చాలు, ఫోనులోనే ఫారాలు నింపే సాఫ్ట్‌వేర్ అది. తెలుగులో ఫారం పెట్టుకోవచ్చు, సిగ్నల్ లేకపోయినా నింపి తర్వాత పంపొచ్చు. ప్రశ్నలు 25 దాటనివ్వకు, ఇంటికి 20 నిమిషాలు మించితే చివరి సమాధానాలు నోటికొచ్చినవే. ముందు పది ఇళ్ళలో అడిగి చూసి, అర్థంకాని ప్రశ్నలు మార్చాకే అసలు సర్వే. 400 ఇళ్ళ ఊరైతే ప్రతి ఐదో ఇల్లు, మొత్తం 80. తాళం వేసుంటే పక్కింటికి పోవద్దు, సాయంత్రం మళ్ళీ అదే ఇంటికి వెళ్ళాలి.

ఆదాయం ఎంతని అడగొద్దు. కార్డు పోతుందో పింఛను ఆగుతుందో అన్న భయంతో ఎవరూ నిజం చెప్పరు, అది వాళ్ళ తప్పూ కాదు. సొంత పొలమా కౌలా, నిరుడు ఎన్ని నెలలు కూలి దొరికింది, వడ్డీకి తెచ్చారా, ఇలా అడుగు. ఆధార్ నంబరు అడగనే అడగకూడదు.

యాప్ సంగతికొస్తే, దాన్ని జూలైలో ఎవరు నడుపుతారో ఇప్పుడు పేరు చెప్పగలవా? చెప్పలేకపోతే గోడ మీద పెయింటుతో రాసిన ఒక పట్టిక దానికన్నా ఎక్కువ కాలం పనిచేస్తుంది.

కుళాయి_చివర:
పని ఎంచుకునేటప్పుడు మూడు చూడండి. రెండు వారాల్లో ఫలితం కనపడాలి, కొలవడానికి వీలుండాలి, ఊళ్ళో ఎవరో ఒకరికి అది ఇప్పటికే ఉద్యోగ బాధ్యత అయ్యుండాలి. ‘చైతన్యం తేవడం’ ఈ మూడింట్లో దేనికీ నిలవదు.

ఉదాహరణకు కుళాయి నీళ్ళు. ముందు ఏ నీళ్ళు దేనికి వాడుతున్నారో కనుక్కోండి. చాలా ఊళ్ళలో తాగడానికి క్యాన్ నీళ్ళు, వంటకూ గిన్నెలకూ కుళాయివి. క్లోరిన్ కిట్టు (నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపించేది) తీసుకుని నీళ్ళు వదిలిన రోజు మూడు చోట్ల చూడాలి: ట్యాంకు దగ్గర, మధ్య వీధిలో, అన్నిటికన్నా చివరి కుళాయి దగ్గర. ఐదు నిమిషాలు నీళ్ళు పోనిచ్చి గొట్టంలో గీత దాకా పట్టి, కిట్టులోని మందు చుక్కలు వేసి, వచ్చిన పసుపురంగును కిట్టు మీది రంగులతో వెంటనే పోల్చాలి. ఆలస్యమైతే రంగు ఇంకా ముదిరి తప్పు లెక్క చూపిస్తుంది. చివరి కుళాయిలో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా ఉండాలి. ఆ చుక్కల్లోని రసాయనం మంచిది కాదు, చూసిన నీళ్ళు పారబోసి చేతులు కడుక్కోవాలి.

ట్యాంకు దగ్గర బాగుండి చివర సున్నా వస్తే కారణం దారిలో ఉంది. మురుగుకాల్వలోంచి పోయే పైపు ఎక్కడో పగిలి ఉంటుంది. లేదా మధ్యలో ఇళ్ళవాళ్ళు కుళాయికి నేరుగా మోటారు పెట్టి లాగుతుంటారు. అలా లాగినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోయి, పగులు దగ్గర బయటి మురికి లోపలికి వస్తుంది. ట్యాంకు దగ్గరే సున్నా వస్తే బ్లీచింగ్ బస్తా చూడండి. కొత్త పొడిలో క్లోరిన్ మూడో వంతు దాకా ఉంటుంది. మూతి విప్పి తేమలో వదిలేస్తే బలం పోయి సున్నమే మిగులుతుంది.

లెక్క: 60,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాములు వేయాలంటే 120 గ్రాముల క్లోరిన్ కావాలి. 33 శాతం పొడైతే సుమారు 365 గ్రాములు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్ళు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోయాలి. అరగంట ఆగి నీళ్ళు వదలాలి.

అసలు పాఠం ఇక్కడుంది. పిల్లలు తామే బ్లీచింగ్ కలపడం మొదలుపెడితే వాళ్ళు వెళ్ళిన మర్నాడే ఆగిపోతుంది. ట్యాంకు చూసే మనిషితో కలిసి 365 గ్రాములకు సరిపడే డబ్బా ఒకటి గీత గీసి తయారుచేయడం, చివరి వీధిలో ఒక అమ్మకు కిట్టు నేర్పడం, పంచాయతీ కార్యదర్శి రోజూ సంతకం పెట్టే పుస్తకం తెరిపించడం. ఈ మూడు ఒప్పందాలు కుదర్చడానికి ఆరుగురు పిల్లలకు పదిహేను రోజులు పడుతుంది. ట్యాంకు చూసే ఆయన్ని అందరి ముందూ తప్పుపట్టకూడదు, లెక్క ముందుగా ఆయనకొక్కడికే చూపించాలి. ఆయన మనవాడైతేనే పని నిలుస్తుంది.

పడుగూపేకా:
మంగళగిరి మగ్గాల వైపు ఎవరైనా పిల్లల్ని పెట్టాలనుకుంటే 30 రోజులు చాలవు, కనీసం రెండు నెలలు. వచ్చిన ప్రతి జట్టూ మొదటి వారంలోనే ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి చీరలు అమ్మిపెడతామంటుంది. నూలు ఎవరు ఇస్తున్నారు, బాకీ ఎవరికి ఉంది అన్నది తెలియకుండా అమ్మకం మొదలుపెట్టకూడదు. మాస్టర్ వీవర్ (నూలు ఇచ్చి కూలికి నేయించుకునే వ్యాపారి) ఇచ్చిన పడుగు మీద నేసిన చీర నేతన్నది కాదు, అతను మజూరీకి నేస్తున్నాడు. దాన్ని బయట అమ్మితే మర్నాటి నుంచి అతనికి నూలు ఆగిపోతుంది. నష్టం అతనిది, సర్టిఫికెట్ మనది.

అక్కడ పనికొచ్చేది చిన్నది. ఒక పడుగుకు ఎన్ని రోజులు, ఆసు పోయడం, కండెలు చుట్టడం లాంటి ఆడవాళ్ళ పని ఎన్ని గంటలు, మజూరీ ఎంత, వానలకు మగ్గం గుంటలో నీళ్ళు ఊరి ఎన్ని రోజులు ఆగింది. ఇది పది ఇళ్ళలో ఎనిమిది వారాలు రాసి, ఆ ఇళ్ళవాళ్ళకే చదివి వినిపించండి. ఇంట్లో ఆడవాళ్ళ పనికి లెక్క కట్టింది అదే మొదటిసారి కావచ్చు.

పటమట_అక్షర:
బెజవాడలో చేసేవాళ్ళకు రెండు మాటలు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచిన సింగ్‌నగర్ వైపు వరద గురించి ఇప్పటికీ చేయాల్సిన పని ఉంది. గోడల మీద నీటి మరక ఎక్కడిదాకా వచ్చిందో ఇంటివాళ్ళు చూపిస్తే, రోడ్డు మట్టం నుంచి టేపుతో కొలిచి వీధి పేరుతో వరద పటంలో రాయండి. ఫోను చూపించే ఎత్తు నమ్మొద్దు, మీటర్ల తేడా వస్తుంది. గోడలకు మళ్ళీ సున్నం వేసుకున్న ఇళ్ళలో మరక ఉండదు కాబట్టి ఇద్దరు మనుషులను విడివిడిగా అడిగి పోల్చుకోవాలి. మంచం పట్టినవాళ్ళు, ఒంటరి ముసలివాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో మాత్రం బహిరంగ పటంలో పెట్టకండి. ఆ జాబితా వార్డు సచివాలయంలోనే ఉండాలి.

ఇంకొకటి, పిల్లల ఫోటోలు. బడిలో, హోస్టల్లో, వీధిలో ముఖం కనపడే ఫోటో తీసి పోస్టు చేయడం మొదటి రోజే నిషేధించండి. ఆపదలో ఉన్న బిడ్డ కనిపిస్తే విద్యార్థులు సొంతంగా విచారణ చేయకూడదు, పిల్లల సహాయ నంబరు 1098కి చెప్పి మెంటరుకు తెలపాలి. మహిళా పోలీసు నంబరు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి.

అరండల్‌పేట_లెక్చరర్:
చాలా ఉపయోగంగా ఉందండీ. మెంటరు ఎంతవరకు కలగజేసుకోవాలి? మార్కులు దేనికి వేయాలి?

లంకమట్టి:
మెంటరు తొందరపడటమే పెద్ద జబ్బు మాస్టారూ. ‘సార్, కార్యదర్శి గారు కలవట్లేదు’ అని ఫోనొస్తే మీరు ఆయనకు ఫోను చేసి పని చేయించేస్తే ఆ పిల్లాడు నేర్చుకునేది ఇంకేం లేదు. ప్రాణానికి, మానానికి, చట్టానికి సంబంధించింది అయితే వెంటనే కలగజేసుకోండి. మిగతాదానికి ‘ఇంకెవరిని అడిగి చూశావు?’ అన్న ప్రశ్న చాలు.

జట్టుకు ఒక నిర్ణయాల పుస్తకం ఇవ్వండి, రిపోర్టు వేరు, ఇది వేరు. పేజీకి నాలుగు గళ్ళు: ఏం నిర్ణయించాం, ఎవరిని అడిగాం, అప్పటికి ఏం తెలుసు, తర్వాత ఏం జరిగింది. నాలుగో గడి వారం తర్వాత నింపాలి. జట్టు నాయకుణ్ణి ఐదు రోజులకొకసారి మార్చండి. ఆరుగురు, 30 రోజులు, అందరికీ వంతు వస్తుంది. మార్చకపోతే మొదటిరోజు గట్టిగా మాట్లాడిన అబ్బాయే నెలంతా నాయకుడు, ఆడపిల్లలు నెలంతా నోట్సు రాసేవాళ్ళు. ఆదివారం గంటన్నర కూర్చోబెట్టి పుస్తకం చదివించండి, మీరు అందరికన్నా ఆఖర్న మాట్లాడండి.

మార్కులు సగం ఆ పుస్తకానికి వేయండి. తప్పు నిర్ణయం రాసుకుని దిద్దుకున్న జట్టుకు ఎక్కువ రావాలి.

కుళాయి_చివర:
చివరి మూడు రోజులు కొత్త పని పెట్టుకోవద్దు. సర్వేలో తేలింది రెండు చార్టుల మీద తెలుగులో రాసి, కాలనీలోనూ రచ్చబండ దగ్గరా విడివిడిగా చదివి వినిపించాలి. తప్పుంటే వాళ్ళే దిద్దుతారు. ఒక నకలు సచివాలయంలో, ఒకటి సంఘం లీడరు దగ్గర ఉంచండి.

మూడు నెలలకు, అంటే దసరా సెలవుల ముందు, జట్టులో ఇద్దరు ఒక్కరోజు వెళ్ళి చూసి రావాలి. ఆ బస్సు ఖర్చు ఇప్పుడే బడ్జెట్లో రాసిపెట్టండి, తర్వాత అడిగితే దొరకదు. ఇవ్వాల్సిన మార్కుల్లో పది అప్పటిదాకా ఆపి ఉంచండి.

అరండల్‌పేట_లెక్చరర్:
పది మార్కులు ఆపడానికి పరీక్షల విభాగం ఒప్పుకుంటుందో లేదో రేపు మాట్లాడతాను. ఊళ్ళకు వచ్చే బుధవారం సాయంత్రం 5కి వెళ్తున్నాను, కార్యదర్శులను కలిసేముందు కాలనీల్లో చివరి కుళాయి ఎక్కడుందో చూసుకుంటాను. క్లోరిన్ కిట్టుతో రీడింగ్ ఎలా తీయాలో పిల్లలకు ఒక పూట చూపించగలిగేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి.

కుళాయి_చివర:
నేను వస్తానండీ. చివరి కుళాయి దొరికాక చెప్పండి, అక్కడే నేర్పుదాం. క్లాసురూములో వద్దు.