ఈ-రీడర్‌లోని వైఫైతో పుస్తకాలు ఎక్కించుకుంటున్న వారి అనుభవాలు

కావలి పాఠకుడు:
నా దగ్గర ఆరు అంగుళాల తెర ఉన్న పాత ఈ-రీడర్ (పుస్తకాలు చదువుకునే పరికరం) ఒకటి ఉన్నది. కేబుల్ పెట్టే చోటు వదులైపోయినందువల్ల ఛార్జింగ్ ఎలాగో ఎక్కుతున్నది గానీ, కంప్యూటర్ మాత్రం దానిని గుర్తించడం లేదు. ఇక మిగిలింది వైఫై ఒక్కటే. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడితే ఇంట్లోని మిగతా ఫోన్లన్నిటికీ కనిపించే పేరు దీని జాబితాలో కనిపించడం లేదు. పక్కింటివారి రౌటర్‌కు కలిపి చూస్తే బ్రౌజర్ తెరుచుకున్నది కానీ, తెలుగు అక్షరాలకు బదులు డబ్బాలు వచ్చాయి. ఈ ఇబ్బందులు దాటినవారు దయచేసి చెప్పగలరు.

ఒంగోలు నుండి:
పేరు కనిపించకపోవడానికి పరికరం చెడిపోయి ఉండనక్కరలేదండి. పాత ఈ-రీడర్లలో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది; ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో నడుస్తుంటే వాటి దృష్టిలో అది లేనట్టే. హాట్‌స్పాట్ సెట్టింగుల్లో బ్యాండ్‌ను 2.4కు మార్చండి. ఐఫోన్ అయితే ‘మాగ్జిమైజ్ కంపాటబిలిటీ’ అన్నది ఆన్ చేయాలి.

డబ్బాలకు కారణం ఆ పరికరంలో తెలుగు ఫాంటు లేకపోవడం. ఒక్కోసారి ఫాంటు ఉన్నా, అక్షరాలను కూర్చే పద్ధతి దానికి తెలియక వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. నా మట్టుకు నాకు డబ్బాలకంటే అదే ఎక్కువ చిరాకు. అందుచేత అందులో వార్తలు చదవాలన్న ఆశ వదులుకుని, బ్రౌజర్‌ను పుస్తకాలు దించుకోవడానికి మాత్రమే వాడుతున్నాను.

కంప్యూటర్‌లో ఈ-పుస్తకాలను సర్దిపెట్టే కాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, ‘కనెక్ట్/షేర్’ కింద కంటెంట్ సర్వర్‌ను ప్రారంభిస్తే, అది సాధారణంగా 192.168తో మొదలై చివర 8080 ఉండే చిరునామా ఒకటి చూపుతుంది. కంప్యూటర్, ఈ-రీడర్ రెండూ ఒకే వైఫైలో ఉండగా ఆ చిరునామాను ఈ-రీడర్ బ్రౌజర్‌లో కొడితే మీ పుస్తకాల జాబితా వస్తుంది. పాత బ్రౌజర్ తడబడితే చిరునామా చివర ఒక వాలుగీత (/) పెట్టి ఇంగ్లీషులో ‘మొబైల్’ (mobile) అని చేర్చండి, తేలికైన పేజీ తెరుచుకుంటుంది.

పొదిలి, ఉపాధ్యాయుడు:
మా ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు. ల్యాప్‌టాప్‌ను, ఈ-రీడర్‌ను ఒకే ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి పై పద్ధతిలోనే ఎక్కించుకుంటున్నాను. ఫైలు ఇంట్లోని రెండు పరికరాల మధ్యనే తిరుగుతుంది కాబట్టి దానికి మొబైల్ డేటా ఖర్చు కాదు. మొదటిసారి పేజీ తెరుచుకోకపోతే ల్యాప్‌టాప్‌లోని ఫైర్‌వాల్ (బయటి పరికరాలు లోపలికి రాకుండా ఆపే రక్షణ) అడ్డుపడుతున్నదేమో చూడండి. నేను ఒక సాయంత్రమంతా దానికే పోగొట్టుకున్నాను.

నెల్లూరు నుండి:
నేను కిండిల్‌కు (అమెజాన్ వారి ఈ-రీడర్) ఈ-మెయిల్ ద్వారా పంపుతాను. పరికరానికి ఇచ్చిన ప్రత్యేక చిరునామాకు పుస్తకాన్ని జతచేసి పంపితే, వైఫై కలిసినప్పుడు దానంతట అదే దిగుతుంది. అయితే పంపే మెయిల్‌ను ముందుగా ఖాతాలోని అనుమతి జాబితాలో చేర్చాలి, జతచేసినవన్నీ కలిపి 50 ఎంబీ దాటరాదు. 2022 నుండి ఈపబ్ (ఈ-పుస్తకాలకు వాడే ఒక ఫైలు రకం) ఫైళ్లను కూడా ఇలా తీసుకుంటున్నది. కేబుల్ పనిచేయని వారికి ఇది హాయి, కానీ ఇంటర్నెట్ తప్పనిసరి.

తెలుగువారికి అసలు చిక్కు వేరే ఉన్నది. మనకు దొరికే పాత పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. అవి బొమ్మలు గనుక ఫాంటు బాధ ఉండదు గానీ, ఫైలు బరువు, ఆరు అంగుళాల తెర మీద అక్షరం చీమంత. ముందే కంప్యూటర్‌లో అంచులు కత్తిరించి, పెద్ద పుస్తకాన్ని రెండు మూడు భాగాలుగా విడగొట్టి పంపితే దిగడమూ సులువు, చదవడమూ సులువు.

ఒంగోలు నుండి:
ఆ మాట నిజం. ఇంకొకటి: పని అయ్యాక వైఫై ఆపివేయండి. ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర ప్రధానంగా పుట మారినప్పుడే కరెంటు తీసుకుంటుంది, వైఫై మాత్రం ఊరికే ఉన్నా తాగుతూనే ఉంటుంది. నేను ఆదివారం పుస్తకాలు నింపుకుని, వారమంతా పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో నెల్లూరు వెళ్లివచ్చేటప్పుడు వైఫై ఆపే చదువుతాను.

కావలి పాఠకుడు:
బ్యాండ్ మార్చగానే పేరు కనిపించింది. పొదిలి మాస్టారు చెప్పినట్టు ఫైర్‌వాల్‌లో కాలిబర్‌కు అనుమతి ఇచ్చిన తరువాత జాబితా వచ్చింది, అంచులు కత్తిరించిన నాలుగు పీడీఎఫ్‌లు దిగాయి. అయిదవది సగంలో ఆగిపోయింది. దానిని విడగొట్టి ఈ రాత్రికి మళ్లీ ప్రయత్నిస్తాను.