జెల్ యాక్చుయేటర్లకు భిన్నక్రమ అవకలన సమీకరణాలు నిజంగా అవసరమా?

కొత్తచూపు: జెల్ యాక్చుయేటర్, అంటే వేడికి స్పందించి వంగే హైడ్రోజెల్ (నీటిని పీల్చుకున్న పాలిమర్ జెల్) పట్టీ, మొదట చురుకుగా కదిలి, ఆ తరువాత గంటల తరబడి మెల్లగా జరుగుతూనే ఉంటుంది. దీనిని వర్ణించడానికి భిన్నక్రమ అవకలజం (క్రమం పూర్ణాంకం కాని అవకలజం) వాడాలా, లేక స్ప్రింగు, డ్యాష్‌పాట్ల (జిగట ద్రవంలా కదలికను అడ్డుకునే మూలకాల) వరుస చాలునా?

జిగటలెక్క: భిన్నక్రమమే వాడాలి. ఒక్కొక్క మాక్స్‌వెల్ మూలకం (ఒక స్ప్రింగు, ఒక డ్యాష్‌పాట్ కలిసినది; దాని సడలింపు ఒక ఘాతీయ పదం) సుమారు పది రెట్ల కాలవ్యవధిని మాత్రమే పట్టగలదు కనుక, సెకను నుండి లక్ష సెకన్ల దాకా సాగే సడలింపుకు అయిదారు మూలకాలు, పది పన్నెండు స్థిరాంకాలు కావాలి. స్కాట్ బ్లెయిర్ 1940లలో ప్రతిపాదించిన, స్ప్రింగుకూ డ్యాష్‌పాట్‌కూ నడిమిగా ప్రవర్తించే భిన్నక్రమ మూలకానికి రెండు స్థిరాంకాలే సరిపోతాయి.

నీటిపొర: ఆ రెండింటిలో ఒకదాని ప్రమాణం పాస్కల్‌ను సెకను 0.37వ ఘాతంతో గుణించినది. దానికి భౌతికార్థం ఏమిటో చెప్పండి. పైగా భిన్నక్రమ అవకలజానికి మీరు వాడేది కాపుటో నిర్వచనమా, రీమాన్–లియూవిల్ నిర్వచనమా? రెండవదానిలో స్థిరాంకపు అవకలజం సున్న కూడా కాదు.

జిగటలెక్క: వికృతి (పట్టీ ఆకారంలో వచ్చే మార్పు) సున్న వద్ద మొదలయ్యే ప్రయోగంలో ఆ రెండూ ఒకటే ఫలితాన్నిస్తాయి. ఇది వృథా అభ్యంతరం.

నీటిపొర: వృథా కాదు. ఏ నిర్వచనమో చెప్పని పత్రాలు కోకొల్లలు.

దారినపోయేవాడు: నిర్వచనాలు పక్కన పెట్టి పట్టీ సంగతి చూడండి.

నీటిపొర: సరే, చూద్దాం. నాకు ముందు పనిచేసినవారు 1 మి.మీ. మందపు పట్టీ నుండి తీసిన ఘాతాన్ని (అవకలజపు క్రమాన్ని) నమ్మి, 2 మి.మీ. పట్టీకి వాడి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను. నీరు వ్యాపించే కాలం మందపు వర్గాన్ని అనుసరిస్తుంది, అంటే నాలుగు రెట్లవుతుంది. పాలిమర్ గొలుసుల సడలింపుకు మందంతో పని లేదు. ఈ రెండింటినీ ఒకే ఘాతంలో కలిపేస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

జిగటలెక్క: మీ నష్టానికి గణితాన్ని నిందించకండి! వ్యాపన సమీకరణం నుండే అర్ధక్రమ అవకలజం పుడుతుంది; తొలి దశలో లోపలికి చేరే నీరు కాలపు వర్గమూలానికి అనులోమంగా ఉంటుందని మీకు తెలియనిది కాదు.

నీటిపొర: అది పట్టీ నడిమికి నీరు చేరేదాకే. ఆ తరువాత మిగిలేది మామూలు ఘాతీయ క్షయమే. ఎక్కడ ఆగాలో చెప్పని సూత్రాన్ని నేను పదార్థ ధర్మమని ఒప్పుకోను.

జిగటలెక్క: పదార్థ ధర్మమని నేనెప్పుడు అన్నాను? ఎదుట ఉన్న ఈ పట్టీ కొన మరుసటి నిమిషంలో ఎక్కడ ఉంటుందో నియంత్రణ వ్యవస్థకు తెలిస్తే నాకు చాలు.

నీటిపొర: ఆ మాట మొదటే అనవలసింది. పట్టీని కోయకముందే, దాని నడత నాకు తెలియాలి.

కొత్తచూపు: ఒక సందేహం. భిన్నక్రమ అవకలజానికి ప్రతి అడుగులోనూ గతమంతా కూడాలి కదా. చిన్న మైక్రోకంట్రోలర్‌లో దానిని ఎలా నడుపుతున్నారు?

జిగటలెక్క: ఘాతీయ పదాల మొత్తంగా మార్చి నడుపుతున్నాను.

నీటిపొర: ఎన్ని పదాలు?

జిగటలెక్క: తొమ్మిది. అయితే ఆ తొమ్మిదింటినీ రెండు స్థిరాంకాల నుండే లెక్కించాను.