శాట్‌లో ఒక తేదీ మ్యాథ్, ఇంకో తేదీ ఇంగ్లిష్ పంపొచ్చా?

కోనసీమ_అక్క: మా తమ్ముడు అమలాపురంలో ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. అమెరికా కాలేజీల్లో చేరడానికని ఆగస్టులో శాట్ పరీక్ష రాస్తే మ్యాథ్ 780, రీడింగ్ అండ్ రైటింగ్ 610 వచ్చాయి. అక్టోబర్‌లో మళ్ళీ రాస్తే మ్యాథ్ 740కి పడిపోయి రెండోది 680 అయింది. దాంట్లోంచి మ్యాథ్ ఒక్కటి, దీంట్లోంచి ఇంగ్లిష్ ఒక్కటి పంపే వీలుందా? నాన్నగారేమో మొత్తమే చూస్తారు, విడివిడిగా ఎవడు చూస్తాడు, 1420 పంపేసి ఊరుకోండి అంటున్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్.

భీమవరం_రాజు: విడదీసి పంపడం కుదరదండి. శాట్ పెట్టే కాలేజ్ బోర్డ్ ఒక తేదీ స్కోరు పంపిందంటే ఆ రోజువి రెండు సెక్షన్లూ వెళ్తాయి, ఏ తేదీ పంపాలన్నది మాత్రం మన ఇష్టం. కానీ రెండు తేదీలూ పంపితే, ఒక్కో సెక్షన్‌లో ఎక్కువ వచ్చింది తీసుకుని కాలేజీవాళ్ళే కలుపుకుంటారు, సూపర్‌స్కోర్ అంటారు దాన్ని. మీవాడికి 1460 అవుతుంది. ఒక్క అక్టోబర్‌దే పంపితే 40 పాయింట్లు గోదాట్లో కలిపినట్టే. ఎంఐటీ ఇలాగే చూస్తుంది, అన్నీ చూడవు, ఒక్కోదాని సైట్ చూసుకోవాల్సిందే.

తణుకు_బాబాయ్: ముందే డబ్బులు కట్టి కాలేజ్ బోర్డ్ స్కోరు రిపోర్టులు పంపెయ్యకమ్మా. చాలా కాలేజీలకి కామన్ యాప్‌లో, అంటే అన్నిటికీ కలిపి నింపే ఆన్‌లైన్ దరఖాస్తులో, మనమే స్కోర్లు నింపితే చాలు, అక్కడ ఒక్కో సెక్షన్‌కీ ఎక్కువొచ్చిన స్కోరు, రాసిన తేదీ విడిగా అడుగుతారు. అసలు రిపోర్టు సీటొచ్చి చేరేటప్పుడు. జార్జ్‌టౌన్ మాత్రం రాసినవన్నీ పంపమంటుంది. బర్క్‌లీ, యూసీఎల్ఏ అయితే శాట్ మొహమే చూడవు.

ఇక నాన్నగారి మాట. మన ఎంసెట్‌లో ఇద్దరికి ఒకే స్కోరొస్తే ముందు మ్యాథ్స్ మార్కులే కదా చూసేది. అక్కడ చాలా కాలేజీలు కామన్ డేటా సెట్ అని తమ లెక్కల పట్టిక ఒకటి పెడతాయి, అందులో సీ9 అనే భాగం తెరిస్తే చేరినవాళ్ళ స్కోర్లు సెక్షన్లవారీగానే ఉంటాయి. ఇంజినీరింగ్‌కైతే మ్యాథ్ వరస ముందు చూపించండి ఆయనకి. రీడింగ్ అండ్ రైటింగ్ బాగుంటే టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష అక్కర్లేదనే కాలేజీలు కూడా కొన్ని ఉన్నాయి.

కోనసీమ_అక్క: సీ9 చూపించాం బాబాయ్ గారూ. ఇప్పుడు ఆయనే డిసెంబర్‌లో ఇంకోసారి రాయిద్దాం అంటున్నారు!

భీమవరం_రాజు: ఆయ్, రాయించండి, సూపర్‌స్కోర్ చూసేచోట మ్యాథ్ తగ్గినా నష్టం లేదు. నాలుగు రిపోర్టులు ఫ్రీగా పంపుకోవచ్చు గానీ పరీక్షయ్యాక 9 రోజుల్లోపే పంపాలి, అప్పటికి స్కోరు చేతికి రాదు. డిసెంబర్ స్కోరు తీసుకుంటారో లేదో ముందు కాలేజీవాళ్ళనే అడగండి.