సమస్య: నిమ్మరసమునుఁ గని తేనె నివ్వెఱపడె

నిర్వాహకులు: పై పాదంతో ముగిసేలా పద్యం చెప్పండి. ఈసారి పూరణ మిరాకిల్ ఫ్రూట్ చుట్టూనే, అంటే తిన్నాక పులుపును కూడా తియ్యగా అనిపించే ఆ ఎఱ్ఱపండు చుట్టూనే తిరగాలి. పెళ్ళిచూపులూ, అత్తాకోడళ్లూ వద్దు.

తేటనీరు:
ఎఱ్ఱపండొకటి నమిలి యింత పులుపు
నోటఁ బోయఁగ మాధుర్య నురుగులయ్యె
మిరకులిను పుల్లదనమున మేలుకొనఁగ
నిమ్మరసమునుఁ గని తేనె నివ్వెఱపడె

గురులఘువు: ‘మాధుర్య నురుగు’ వైరిసమాసం, సంస్కృతపదానికి తెలుగుపదం అతికించారు. ‘బోయఁగఁ దియ్యని’ అనండి, గణం చెడదు. ‘మేలుకొనఁగ’ మాత్రం భేష్! మిరకులిన్ అనే ఆ పండులోని ప్రొటీన్ నాలుకకు అతుక్కుని ఊరికే ఉంటుంది, పులుపు తగిలితేనే తీపి పుట్టిస్తుంది.

తొట్టెతోట: ‘నమిలి’కి ఎవరూ అడ్డుపడరేం? లోపల ఒకటే పెద్ద గింజ, కొరికితే చేదు. గుజ్జును నిమిషం పాటు నాలుకంతా తిప్పి గింజ ఉమ్మేయాలి. మాంగోస్టీన్‌కు అడుగున ఎన్ని రేకలుంటే లోపల అన్ని తొనలని నేను పూరిస్తే ‘వృక్షశాస్త్ర పాఠం’ అన్న గురులఘువు గారు ఇక్కడ భేష్ అంటున్నారు! సరే, నాది:
ఆమ్లమగు మన్ను తొట్టెలో హాయిగొలుప
వాననీటినె పోయఁగా వాడదాకు
మూడునాలుగేండ్లకుఁ గాచె ముద్దుపండు
నిమ్మరసమునుఁ గని తేనె నివ్వెఱపడె

గురులఘువు: ఇదీ పాఠమే. మూడు పాదాలూ తోటలోనే తిరిగి, నాలుగోదానికి ఒక్క గంతులో నిమ్మరసం దగ్గర తేలాయి. నాలుక ఏదండీ?

వక్రోక్తి: మొదటి పాదం తీసేసి, ‘ముద్దుపండు’ తర్వాత ‘గడియ రెండైన నాలుకఁ గట్టివేయ’ అని చేరిస్తే అతుకుతుంది.

తొట్టెతోట: మన్ను తీసేసి చెట్టును ఉంచారన్నమాట! మట్టి పీహెచ్ (ఆమ్లత కొలత) 4.5 నుంచి 5.8 మధ్య లేకపోతే ఇనుము అందక లేతాకులు ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో పసుపెక్కుతాయి. పీట్ (చిత్తడినేలల నాచుమట్టి), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతిగుళ్లు) సగం సగం కలపాలి. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. సున్నం ఉన్న నీళ్లు రోజూ పోస్తే ఎంత మంచి మట్టైనా క్షారం వైపు తిరుగుతుంది, రెండో పాదం అందుకే. గింజను ఎండబెట్టి దాచితే మొలవదు, పండు తిన్న వెంటనే కడిగి నాటాలి.

తేటనీరు: గడియ 24 నిమిషాలు, రెండు గడియలు 48. అరగంట నుంచి రెండు గంటల దాకా ఉండే మాయకు వక్రోక్తి గారి లెక్క సరిపోయింది. పండును జామ్‌గా ఉడికిస్తే మాత్రం వేడికి ప్రొటీన్ చెడి ఒక్క గడియ కూడా దక్కదు. గింజ ఉమ్మడానికి మన ఈ తేటగీతి పద్యంలో చోటు లేదు గానీ, ‘నమిలి’ బదులు ‘పిదికి’ అంటే తొట్టెతోట గారు శాంతిస్తారా?