కెప్టెన్‌కి తప్పు ఎత్తి చూపాలంటే నోరు రావడం లేదు, సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. ఇద్దరు పైలట్లు కలిసి నడిపే పెద్ద విమానాల శిక్షణలో ఉన్నాను. నడపడం కంటే మాట్లాడటమే నాకు కష్టంగా ఉంది.

చెక్‌లిస్టులు, "యూ హ్యావ్ కంట్రోల్" (ఇక విమానం నువ్వు నడుపు) లాంటి కాల్‌అవుట్లు, అంటే పైలట్లు పైకి చెప్పుకునే నిర్ణీత మాటలు, అలవాటైపోయాయి. ఇబ్బందల్లా పక్క సీట్లో నాకంటే చాలా సీనియర్ ఉన్నప్పుడే. మొన్న సిమ్యులేటర్‌లో ల్యాండింగ్‌కి దిగుతుంటే స్పీడ్ బాగా ఎక్కువగా ఉందని నాకు కనిపిస్తూనే ఉంది. "స్పీడ్ కొంచెం ఎక్కువుందేమో సర్" అని గొణిగాను. ఆయన పట్టించుకోలేదు. "గో అరౌండ్" (ల్యాండింగ్ ఆపి మళ్లీ పైకి లేపండి) అని గట్టిగా అనాల్సిన చోట నా నోరు పెగల్లేదు.

1977లో స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. ఎదుటి విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని టేకాఫ్ అవుతున్న విమానంలోని ఫ్లైట్ ఇంజినీర్ (కాక్‌పిట్‌లో ఇంజన్లు, సిస్టమ్‌లు చూసుకునే మూడో సిబ్బంది) అడిగాడు. లేదని కెప్టెన్ గట్టిగా చెప్పేసరికి మళ్లీ అడగలేదు. ఆయన ఆ ఒక్కసారైనా అడిగాడు, నేనైతే అదీ అడిగేవాణ్ణి కాదేమో. ఆ టెన్షన్ నన్ను వదలడం లేదు.

మొదట ప్రశ్న, తర్వాత హెచ్చరిక, ఆపైన గట్టి అభ్యంతరం, చివరికి కంట్రోల్ తీసుకోవడం అని క్లాసులో మెట్లు నేర్పారు. నేలకి వెయ్యి అడుగుల లోపు ఉన్నప్పుడు ఆ మెట్లన్నీ ఎక్కే టైమ్ ఎక్కడిది? అనుభవం ఉన్నవాళ్లు అప్పుడు మొదట ఏ మాట అంటారు? కెప్టెన్లుగా ఉన్నవాళ్లు కూడా చెప్పండి, జూనియర్ ఎలా చెబితే మీకు వెంటనే చెవికెక్కుతుంది?