40 వేల లోపు పాత బండి: ఉప్పుగాలిలో, చెరువు గట్ల మీద ఏది నిలుస్తుంది?

ప్రశ్న (మలికిపురం నుంచి)

అందరికీ నమస్కారమండి. మాకు అంతర్వేది వైపు రెండెకరాల రొయ్యల చెరువు ఉంది. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం మరోసారి చెరువుకు వెళ్ళి రావడంతో రోజుకు 30 కిలోమీటర్ల వరకు తిరుగుడు అవుతుంది. వారానికి రెండు మూడు సార్లు 25 కిలోల మేత బస్తాలు రెండు వెనక కట్టుకొని గట్టు మీద నడపాలి, అప్పుడప్పుడు సఖినేటిపల్లి రేవులో పంటు (రేవు దాటించే పడవ) ఎక్కి నరసాపురం వెళ్ళాలి. నాన్నగారి బండి ఈ వేసవిలో పూర్తిగా మూలపడింది. కొత్త బండికి వాయిదాలు కట్టే పరిస్థితి లేదు కాబట్టి 40 వేల లోపు పాతది కొనాలనుకుంటున్నాను.

ఇంతవరకు మూడు చూశాను. మొదటిది రాజోలులో ఒక రిటైరయిన మాస్టారి 2012 స్ప్లెండర్. రంగు వెలిసిపోయింది, సీటు చిరిగింది, కానీ మొదటి నుంచీ ఒక్కరి చేతిలోనే ఉంది. రెండవది 2014 హోండా షైన్, ఇద్దరి చేతులు మారింది. మూడవది 2013 యూనికార్న్, ఈ మధ్యనే రంగు వేయించారట, చూడడానికి కొత్తదానిలా మెరుస్తోంది. నా మనసు యూనికార్న్ మీదకు పోతోంది. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (పాలకొల్లు నుంచి)

పాతికేళ్ళుగా బండ్లు బాగుచేసే పనిలో ఉన్నాను కనుక నాకు తెలిసింది చెబుతాను. మన తీరప్రాంతంలో పాత బండి కొనేవారు ఇంజను కంటే ముందు ఇనుమును చూడాలి. ఇంజను నీలం పొగ వదులుతుంటే రింగులో, వాల్వు సీళ్ళో అరిగాయని అర్థం. అవి మార్చడానికి, అవసరమైతే బోరు చేయించడానికి మన ఊళ్ళలోనే మనుషులున్నారు, అయ్యే ఖర్చు ముందే లెక్క వేసుకోవచ్చు. బండి అంతటినీ మోసే చట్రం, అంటే ఛాసిస్ గొట్టం లోపలి నుంచి తుప్పు తిని పలచబడితే మాత్రం వెల్డింగు పెట్టించినా, బస్తాల బరువుతో గతుకుల్లో పడినప్పుడు అది ఎక్కడ విరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

అందుకే కొత్తగా రంగు వేసిన బండి అంటే నాకు భయం. సీటు విప్పించి బ్యాటరీ పెట్టె కింద చూడండి. సెంటర్ స్టాండు బిగించే చోట, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ ఛాసిస్‌లో కూర్చునే చోట, సైలెన్సర్ అడుగున స్క్రూ డ్రైవరు పిడితో మెల్లగా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము మొద్దుగా పలుకుతుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. తడి రొయ్యల పెట్టెలు మోసిన బండ్లలో ఉప్పునీరు కారి వెనక భాగమే ముందు దెబ్బతింటుంది.

మునిగిన బండిని గుర్తుపట్టడం కూడా నేర్చుకోవాలి, ఎందుకంటే 2022 జులై గోదావరి వరదలో లంక గ్రామాల్లో నీళ్ళలో నిలబడినవి ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. హెడ్‌లైటు డూము విప్పితే లోపల సన్నని ఒండ్రు పొర కనిపిస్తుంది, వైర్ల కప్లర్లలో పచ్చని చిలుము పడుతుంది, మీటరు అద్దం లోపల మరకలుంటాయి. ఇంజనులోకి ఇప్పటికీ నీరు చేరుతుంటే ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు తిరుగుతుంది.

మీరు చూసిన మూడూ కార్బొరేటరు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) బండ్లే. 2020 ఏప్రిల్‌లో పొగ కాలుష్యాన్ని తగ్గించే బీఎస్6 నిబంధన వచ్చాక కొత్త బండ్లలో ఇంధన ఇంజెక్షన్ సర్వసాధారణమైంది. కార్బొరేటరును చిన్న ఊరి మెకానిక్కు కూడా అరగంటలో విప్పి కడగగలడు. ఈ రోజుల్లో పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది, అది తేమను పీల్చుకుంటుంది. కాబట్టి బండి వారాల తరబడి కదలకపోతే కార్బొరేటరు అడుగున ఉండే బౌల్‌లోని పెట్రోలు దింపేయండి, పాత రబ్బరు గొట్టాలు గట్టిపడ్డాయేమో చూసి మార్పించండి.

జవాబు (అమలాపురం నుంచి)

పైవారు బండి సంగతి చెప్పారు కనుక నేను కాగితాల సంగతి చెబుతాను. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళే చెల్లుతుంది, ఆ తరువాత తనిఖీ చేయించి 5 ఏళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ లెక్కన 2012 బండికి 2027లో, 2014 బండికి 2029లో గడువు వస్తుంది. ఆ తేడాను ధరలో అడగడం న్యాయమే.

సీ బుక్కులో ఫైనాన్సు పేరు ఉంటే, బాకీ తీరిందని నోటిమాటగా చెబితే సరిపోదు, అప్పు తీరిందని తెలిపే ఫారం 35 మీద ఆ సంస్థ సంతకం కావాలి. పేరు మార్పిడికి కావలసిన ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు డబ్బు ఇచ్చే రోజే తీసుకోండి. రవాణా శాఖ యాప్‌లో నంబరు కొట్టి చలానాలు, బీమా గడువు చూసుకోండి. పేరు మార్చుకోవడం అమ్మేవారికి కూడా రక్షణే. కాగితాల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం విషయంలో వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. మా బంధువు ఒకాయన ఈ సంగతి తెలియక, ఎప్పుడో అమ్మేసిన బండి కోసం మూడేళ్ళు కోర్టు మెట్లెక్కి ఎంతో నలిగిపోయారు.

జవాబు (భీమవరం నుంచి)

నాకు కూడా చెరువులే ఆధారం. స్ప్లెండర్ ఇంజను 97.2 సీసీ. వెనక 50 కిలోల బరువుతో చించినాడ వంతెన ఎక్కేటప్పుడు మూడో గేరుకు దించక తప్పదు, అలా దించితే మాత్రం మొరాయించదు. షైన్ 124.7 సీసీ కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ. బరువు మోయడం ఒక్కటే చూస్తే నేను షైన్‌నే తీసుకొనేవాణ్ణి. యూనికార్న్ రోడ్డు మీద హాయిగా ఉంటుంది, కానీ 146 కిలోల బండిని వానాకాలంలో బంకమట్టి గట్టు మీద ఒక్కరే తిప్పుకోవడం కష్టం. దాని ఒంటి షాక్ అబ్జార్బరు కూడా వెనక చక్రం చిమ్మే బురదకు ఎదురుగానే ఉంటుంది. స్ప్లెండర్‌లో చైన్ మీద నిండుగా కేసు ఉంటుంది, దానివల్ల ఉప్పుమట్టిలో చైన్ ఎక్కువ కాలం వస్తుంది.

ఎవరైనా పాత యమహా ఆర్ఎక్స్ 100 చూపిస్తే మాత్రం ఆగకండి. 1996లోనే తయారీ ఆగిపోయిన ఆ బండికి ఇప్పుడు ధర కట్టేది అభిమానం చూసి, మేత మోయడానికి అది పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు

నిన్న మా ఊరి మెకానిక్కును వెంటబెట్టుకొని మూడూ మళ్ళీ చూశాను. యూనికార్న్ సీటు విప్పగానే బ్యాటరీ పెట్టె కింద రంగు చేతికి ఊడివచ్చింది, లోపల గొట్టం ఆకులా పలచగా ఉంది. షైన్ ఇనుము బాగానే ఉంది, అయితే ఫైనాన్సు పేరు ఇంకా తొలగించలేదు, ఆ కాగితానికి నెల పడుతుందన్నారు. మాస్టారు తన స్ప్లెండర్‌ను రోజూ ఇంట్లో వసారాలోనే పెట్టి, వారానికోసారి బావినీళ్ళతో కడిగేవారట. తట్టిన ప్రతిచోటా ఖంగుమంది. 31 వేలకు మాట అయింది. వెనక షాక్ అబ్జార్బర్లు, సీటు, పెట్రోలు గొట్టం మార్పించడానికి మెకానిక్కు ఐదు వేలు అడిగాడు. శుక్రవారం మాస్టారూ నేనూ కలిసి ఫారాల మీద సంతకాలు పెడుతున్నాము.

జవాబు (పాలకొల్లు నుంచి)

మంచి బండి దొరికిందండి. గొట్టం మార్చేటప్పుడే స్వింగ్ ఆర్మ్ బోల్టు తీయించి గ్రీజు పెట్టించండి. పన్నెండేళ్ళు దాటిన బండిలో అది పట్టేసి ఉంటుంది, ఇంకో రెండు వానాకాలాలు ఆగితే సుత్తితో కొట్టినా రాదు.